మంత్రిగారి మొదటి యూనిట్

ప్రజల కోసం చివరి రక్తపు బొట్టు వరకూ పోరాడతానని ఇరవై ఏళ్లుగా చెబుతూ వచ్చిన ఆరోగ్యశాఖ మంత్రిగారు, ముందుగా మొదటి బొట్టు ఇవ్వాలని నిర్ణయించుకున్నారు. పెద్దాసుపత్రిలో కొత్తగా కట్టిన రక్త పరిశోధనా కేంద్రంలోకి వెళ్లే మొట్టమొదటి యూనిట్ తన రక్తమే కావాలని ప్రకటించారు. పేపర్లన్నీ మొదటి పేజీలో వేశాయి. అంతటి త్యాగమూర్తికి సూదంటే భయమని ఏ పేపరూ రాయలేదు. అది రాయాల్సినంత పెద్ద విషయం కాదు కదా.

బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్‌కి మాత్రం ఆ సంగతి సోమవారం ఉదయం పది గంటలకి, చేతిలో సూది ఉండగా తెలిసింది.

"ఇంత పొడుగేంటయ్యా?" అన్నారు మంత్రిగారు మంచం మీద ముడుచుకుని.

"అందరికీ ఇదే సార్."

"నేనూ అందరిలో ఒకణ్ణని నీకెవరు చెప్పారు?"

"నిన్న సభలో మీరే చెప్పారు సార్."

పీఏ చటుక్కున తెర లాగేసి కెమెరాలని బయట నిలబెట్టాడు. టెక్నీషియన్‌ని ఎగాదిగా చూసి, "నీది ఏ గ్రూపు?" అన్నాడు.

"బి నెగటివ్ సార్. ఎల్లుండి మా బావకి, దర్జీ పని చేస్తాడు సార్, కడుపులో పుండుకి ఆపరేషన్. ఆయనదీ ఇదే గ్రూపు. మధ్యాహ్నం ఆయన కోసం నేనే ఇద్దామని..."

"ఇవ్వు, ఎవరొద్దన్నారు? లేబుల్ ఒక్కటే సార్‌ది. ఫొటో అవగానే సంచి నీ చేతిలో పెడతాం."

టెక్నీషియన్ పక్క మంచం ఎక్కాడు. అతని చేతికి సూది గుచ్చారు, మంత్రిగారి చేతికి దూది అంటించారు. సంచి నిండాక మంత్రిగారి వైపు తెర మాత్రం తీశారు. "నొప్పా? ప్రజల కష్టాల ముందు ఇదేపాటి నొప్పి!" అన్నారు మంత్రిగారు. ఆ మాటకి పక్క మంచం మీద టెక్నీషియన్‌కి కళ్లు తిరిగాయి.

చప్పట్లు మరీ గట్టిగా మోగడంతో మంత్రిగారికి ఆవేశం పొంగింది. ఆ రక్తాన్ని అక్కడికక్కడే పరిశోధనకి అంకితం చేసేశారు. సంచి గాజు తలుపు ఫ్రిజ్‌లోకి వెళ్లింది. తలుపుకి తాళం పడింది. తాళం పక్కన మంత్రిగారి ఫొటో వెలిసింది.

వార్డు వరండాలో అక్క కాచుక్కూచుంది.

"ఏరా, మీ బావకిస్తానన్న రక్తం ఏది?"

"ఇచ్చేశానక్కా."

"ఎవరికి?"

"మంత్రిగారికి."

"ఆయనకేం ఆపరేషన్ రా?"

"ఆపరేషన్ కాదు. ఫొటో."

"ఫొటోకి రక్తమెందుకురా, నీ మొహం మండ! సరే, ఇంకోసారి ఇయ్యి."

"మూడు నెలలు ఆగాలక్కా."

"ఆ మాట మీ బావ కడుపులో పుండుకి చెప్పు," అని అక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. టెక్నీషియన్‌కి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. తెలిసిన బ్లడ్ బ్యాంకులన్నిటికీ ఫోన్లు చేశాడు. బి నెగటివ్ ఎక్కడా లేదు. రక్తం లేకుండా కత్తి పట్టనని సర్జన్ తేల్చి చెప్పాడు.

మర్నాడు టెక్నీషియన్ వెళ్లి పరిశోధనా కేంద్రం డైరెక్టర్‌గారి కాళ్లావేళ్లా పడ్డాడు. "మంత్రిగారి రక్తం ఒక దర్జీకా!" అని ఆయన నిర్ఘాంతపోయారు. పైగా పరిశోధన కూడా ఒక్క రోజులోనే పూర్తయిందట. ముగింపు ముందే రాసి పెట్టుకోవడం వల్ల టైము కలిసొచ్చింది. "ఈ కణాలు చెప్పిన పని నోరెత్తకుండా చేస్తున్నాయి. ఎంత ఒత్తిడి పెట్టినా వంగుతున్నాయి గానీ విరగడం లేదు," అని నివేదిక చదివి వినిపించారు. "గొప్ప నాయకుడి లక్షణాలయ్యా ఇవి!"

టెక్నీషియన్ నోరెత్తలేదు.

నివేదిక చివర్లో హీమోగ్లోబిన్ కాస్త తక్కువగా ఉందని ఒక ముక్క ఉంది. దాంతో కార్యకర్తలు మంత్రిగారింటికి బుట్టలకొద్దీ దానిమ్మకాయలు మోసుకెళ్లారు. ప్రజల కోరిక కాదనలేక మంత్రిగారు అన్నీ తిన్నారు.

ఇక దారిలేక టెక్నీషియన్ పీఏని పట్టుకున్నాడు. దర్జీ అనగానే పీఏ మొహం విప్పారింది. "పేదవాడి గుండెలో మంత్రిగారి రక్తం! ముందే చెప్పొద్దటయ్యా!"

ఆపరేషన్ రోజు తొమ్మిదిన్నరకి ఫ్రిజ్ ముందు సభ పెట్టారు. బావ రక్తంతో ఆ సంచి రక్తం సరిపోతుందని టెక్నీషియన్ తన దగ్గర మిగిలిన శాంపిల్‌తో పొద్దున్నే పరీక్ష చేసి పెట్టుకున్నాడు. మంత్రిగారి సంతకం ఒక్కటే మిగిలింది. అంతలో డైరెక్టర్ గొంతు సవరించుకున్నారు.

"పరిశోధన యూనిట్ బయటికి పోవాలంటే దాత నుంచి ఇంకో చుక్క తీసి పోల్చి చూడాలి. శాస్త్రం శాస్త్రమే."

కెమెరాలన్నీ మంత్రిగారి చేతి వైపు తిరిగాయి. ఆ చుక్క తీస్తే సంచిలోది ఆయన రక్తం కాదని తేలిపోతుంది. మరుక్షణం ఏం తోచిందో, టెక్నీషియన్ ట్రేలో ఉన్నవాటిలోకెల్లా పెద్ద సూది ఏరి పట్టుకుని వంగాడు.

"గుచ్చావంటే చూడు," అన్నారు మంత్రిగారు నవ్వు చెదరకుండా, పెదాల మధ్య నుంచి.

"అయితే సంతకం పెట్టండి సార్," అన్నాడు టెక్నీషియన్, ఆయనకి మాత్రమే వినపడేలా.

"పేదవాడి ప్రాణం ముందు పరీక్షలా!" అని మంత్రిగారు గర్జించి, ఒకటికి మూడు చోట్ల సంతకం పెట్టారు. హాలు దద్దరిల్లింది. టెక్నీషియన్ సంచిని గుండెకి హత్తుకుని ఆపరేషన్ థియేటర్‌కి పరుగెత్తాడు.

బావ బతికాడు. పదో రోజున లేచి కూర్చుని, కుట్లు తనైతే ఇంకాస్త దగ్గరగా వేసేవాణ్ణని సర్జన్‌కి సలహా కూడా ఇచ్చాడు. అక్క తమ్ముడి తల నిమిరి, వరండా అని కూడా చూడకుండా గట్టిగా ఏడ్చింది. ఈసారి టెక్నీషియన్ కూడా ఏడ్చాడు.

ఆ సాయంత్రమే అతనికి రెండు కాగితాలొచ్చాయి. మొదటిది పత్రికా ప్రకటన. గాజు ఫ్రిజ్ ఖాళీగా ఉండటం చూసి మనసు కరిగిన మంత్రిగారు, ఇకపై మూడు నెలలకోసారి రక్తదానం చేయబోతున్నారు.

రెండోది మెమో. మంత్రిగారి హీమోగ్లోబిన్ తగ్గడానికి కారణమేమిటో మూడు రోజుల్లోగా టెక్నీషియన్ లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వవలెను.