తప్పిపోయిన మేక, దొరికిన ముఠా

గౌస్ పాషా నిర్మాతగా సినీరంగానికి చేసిన సేవ ఉదయం ఆటతో మొదలై మ్యాట్నీతో ముగిసింది. వనపర్తిలో ఆ సినిమా చూసినవాళ్లు బండ్లు తీసుకొని వెళ్లిపోయారే తప్ప, తిట్టేపాటి పట్టింపు కూడా చూపలేదు. ఆ మౌనమే ఆయన్ను కుంగదీసింది. జనానికి కథలు అక్కర్లేదు, నేరాలే కావాలని గ్రహించి, నాగర్‌కర్నూల్‌లో క్రైమ్ విలేకరిగా అవతరించి సొంత చానెల్ పెట్టాడు.

పాలమూరు జనం మాత్రం బొత్తిగా సహకరించలేదు. కందులు వేసి వానకోసం మొగులు చూసేవాళ్లకు నేరాలు చేసే తీరిక ఎక్కడిది? అలాంటి గడ్డుకాలంలో బిజినేపల్లి కుల్సుమ్‌బీ మేక తప్పిపోయి ఆయన్ను ఆదుకుంది.

అదే పొద్దు ఆ వీధిలో కత్తులకు సాన పట్టే చిన్నయ్య తిరిగాడు. అతని చేతిలో కత్తి ఉంది, కొట్టంలో మేక లేదు. ఇంకేం సాక్ష్యం కావాలి? "మేక మాయం వెనుక కత్తుల ముఠా?" అని పాషా వీడియో వదిలాడు. చివర ప్రశ్నార్థకం పెట్టి ధర్మం నిలబెట్టాడు. దాన్ని చదివే అలవాటు మనకు లేకపోవడం ఆయన తప్పు కాదు.

లక్షలమంది చూశారు. పక్క ఊరివాళ్లు చూడడంతో ఆగక, చిన్నయ్యను కరెంటు స్తంభానికి కట్టేసి చెయ్యి విరగ్గొట్టారు.

వారం తిరగకముందే మేక తనంతట తానే ఇంటికొచ్చింది. కుల్సుమ్‌బీ ఫోన్ చేసింది.

"పాషా భాయ్, మేక వచ్చింది. ఆ సాన పట్టేటాయన తప్పేం లేదు. గది గూడ జర చెప్పు."

పాషా నిజాయితీపరుడు. చెప్పాడు. చూసినవాళ్లు ఒక జీపులో పట్టేంతమంది. వాళ్లలోనూ ఒకాయన "దొంగ భయపడి మేకను ఇడిసిపెట్టిండు" అని తేల్చేశాడు. మళ్లీ అదే మౌనం! వెంటనే పాషా ఆ సవరణ వీడియో తీసేసి, మొదటిది ఉంచాడు.

మరుసటి నెల గద్వాలలో పాషాకు సన్మానం. కారు పంపి కుల్సుమ్‌బీని, మేకను కూడా పిలిపించారు. "పాషాగారే లేకుంటే ఈ ప్రాంతంలో మేకజాతికి దిక్కెవరు?" అని అధ్యక్షులవారు గొంతు గద్గదం చేసుకున్నారు. శాలువా కప్పుతుండగా కుల్సుమ్‌బీ లేచి నిలబడింది.

"నా మేకను ఎవ్వరు ఎత్కపోలే. ఉత్తగనే ఆయన చెయ్యి ఇరగ్గొట్టిన్రు. ఆయన పెండ్లాం వచ్చి నా అరుగు మీద కూసుంటున్నది. నేనేం జెప్పాలె ఆమెకు?"

పాషా తల దించుకున్నాడు. ముందు వరుసలవాళ్లు ఒక్కొక్కరే లేచారు, ఫోన్లు పైకెత్తారు. ఒక పెద్దమనిషి వెలుతురు సరిచూసుకొని, ఎంతో మర్యాదగా అన్నాడు:

"జర ఏడ్చుకుంట చెప్పమ్మా. గట్లయితెనే చూస్తం."