గల్లా కుర్చీకి పోటీ పరీక్ష

గంగాధరరావుకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్టీలు సామాన్ల దుకాణం, కొత్తపేటలో ఒక ఇల్లు, ఆ ఇంట్లో కుసుమకుమారి అనే భార్య ఉన్నారు. మొదటి రెండూ ఆయన మాట వింటాయి.

ఒకరోజు పొద్దున్నే కుసుమకుమారి ఉప్మా వడ్డిస్తూ, "మధ్యాహ్నాలు గల్లా దగ్గర నేను కూర్చుంటానండీ" అంది.

గంగాధరరావు ప్లేటు పక్కకు జరిపాడు. ఇరవై రెండేళ్లుగా ఆ కుర్చీ ఆయనది. కుర్చీలో సగం పోతే మనిషిలో ముప్పాతిక పోయినట్టేనని లెక్కగట్టాడు.

"గల్లా అంటే పోపులపెట్టె కాదు. లోకజ్ఞానం కావాలి."

"మీకుందా?"

"ఉండబట్టే కూర్చున్నాను."

"కూర్చున్నారు కాబట్టి ఉందనుకుంటున్నారు."

వ్యాపారి ఇలాంటి చోట కోప్పడడు, బేరం పెడతాడు. ఆయనా పెట్టాడు. ఇద్దరూ రోజుకొక కొత్త మాట, ఒక చరిత్ర ముక్క, ఒక లోకజ్ఞానం ముక్క నేర్చుకోవాలి. పది రోజుల తర్వాత ఆదివారం పరీక్ష. ఆవిడ గెలిస్తే మధ్యాహ్నం కుర్చీ ఆవిడది. ఓడితే మళ్లీ ఆ ఊసెత్తకూడదు. ప్రశ్నలడిగేది పై వాటాలో అద్దెకుండే మహేందర్. కోచింగ్ సెంటర్లో జనరల్ నాలెడ్జ్ చెబుతాడు.

ఈ బేరంలో ఆయనకొక లోపాయికారీ లాభముంది. దుకాణంలో గిన్నెలు చుట్టడానికి కోచింగ్ పిల్లలు పారేసిన నోట్సులు కిలోల్లెక్కన కొంటాడు. ఆవిడకు దినపత్రిక ఒక్కటే. ఆయనకు దుకాణం పై గదినిండా చదువు.

మర్నాడే దుకాణంలో పనిచేసే సైదమ్మను పిలిచాడు. "రోజూ పై గదిలో నాకొక కట్ట పెట్టు. నాలుగింటిదాకా నన్ను పిలవకు."

"గిరాకొస్తె ఎట్ల సేటు?"

"నువ్వే చూసుకో. ఇంట్లో మాత్రం చెప్పకు."

సైదమ్మ తలూపింది. తలూపినంత మాత్రాన సరుకు అమ్ముడుపోయినట్టు కాదని ఆయన గిరాకీల దగ్గర రోజూ చూస్తూనే ఉంటాడు. ఆ రోజు మరిచిపోయాడు.

ప్రశ్న, కింద నాలుగు జవాబులు, సరైనదానికి టిక్కు. గంగాధరరావు టిక్కులన్నీ బట్టీపట్టాడు. గిన్నె కొనేముందు అడుగు తిప్పి చూసే మనిషి, కాగితం తిప్పి చూడలేదు. కొత్త మాటల్ని మాత్రం ఎప్పటికప్పుడు ఇంట్లో చెలామణీ చేశాడు.

"ఈ వంకాయ కూర చాలా సమకాలీనంగా ఉంది."

"అంటే?"

"కారం సరిపోయిందని."

"మరికాస్త సమకాలీనం వేయమంటారా?"

ఆ పది రోజుల్లో దుకాణంలో అమ్మకాలు కూడా పెరిగాయి. జ్ఞానం పెరిగితే గిరాకీ దానంతటదే వస్తుందని ఆయన తేల్చుకున్నాడు.

ఆదివారం మహేందర్ టీ కప్పుతో కూర్చున్నాడు. "సార్, గ్రహాలెన్ని?"

"తొమ్మిది."

"అక్కా?"

"ఎనిమిది. ప్లూటోను తీసేసి చాలా ఏళ్లయింది."

"మన రాష్ట్రంల జిల్లాలెన్ని సార్?"

"ఇరవై మూడు."

మహేందర్ కప్పు కింద పెట్టాడు. "సార్, గా రాష్ట్రమే లేదిప్పుడు."

"ముప్పై మూడు" అంది కుసుమకుమారి.

"దేశంల రాష్ట్రాలు?"

"ఇరవై ఎనిమిది" అన్నారిద్దరూ. ఇది ఒప్పే. మధ్యలో దేశం ఇరవై తొమ్మిదికి వెళ్లి, గంగాధరరావు మొహం చూసి జాలిపడ్డట్టు మళ్లీ ఇరవై ఎనిమిదికి దిగింది.

మహేందర్‌కు కూడా జాలేసింది. ఎలాగైనా ఇంకో మార్కు ఇద్దామని, "సార్, హైదరాబాద్‌ల పెద్ద పండ్ల మార్కెట్ యాడుంది?" అన్నాడు.

గంగాధరరావు నవ్వాడు. "కొత్తపేట. మన వీధి దాటితే మార్కెట్టే."

"బాటసింగారం పోయి ఏండ్లాయె సార్. మార్కెట్ పోయినంక ఈగల బాధ తప్పిందని మొన్న మీరే గదా నాతోని అన్నరు?"

"కాగితంలో అలాగే ఉంది."

"ఏ కాగితంలో?" అంది కుసుమకుమారి, ఏమీ తెలియనట్టు.

ఆయన జేబులోంచి తీసిన కాగితాన్ని మహేందర్ తిప్పి చూశాడు. వెనక సంవత్సరం ఉంది, రెండువేల నాలుగు.

"కొత్త కట్ట పైన వేస్తాం, పైదే ముందు వాడతాం. అడుగువి దుకాణం తెరిచిన నాటివి," గంగాధరరావు తనలో తాను అనుకున్నట్టే అన్నాడు. "అన్నీ అడుగువే నాకెలా వచ్చాయి?"

"నేనే సైదమ్మతో చెప్పాను."

"నువ్వెప్పుడొచ్చావు దుకాణానికి?"

"మీరు పైకెక్కిన మర్నాటి నుంచీ. సైదమ్మ కబురు పెట్టింది, గల్లా దగ్గర ఎవరూ లేరని. ఎవరో ఒకరు కూర్చోవాలిగా."

"మరి నువ్వు చదివిందెప్పుడు?"

"హాస్టల్ పిల్లలు కంచాలూ బకెట్లూ కొనడానికి వస్తారుగా. ఇవాళ క్లాసులో ఏం చెప్పారమ్మా అని అడిగేదాన్ని. చెప్పేవాళ్లు. మర్నాడు పక్క గదివాళ్లను కూడా తీసుకొచ్చేవాళ్లు."

పెరిగిన అమ్మకాల సంగతి ఆయనకు అప్పుడు తెలిసింది. కుర్చీని కాపాడుకోవడానికి పది రోజులు కుర్చీ ఖాళీ చేసిన వ్యాపారి, ఎల్బీనగర్ దాకా వెతికినా ఇంకొకడు దొరకడు.

సోమవారం మూడు గంటలకు గంగాధరరావు గల్లా ముందు నిలబడ్డాడు. ఇరవై రెండేళ్లలో అటువైపు నిలబడడం అదే మొదటిసారి.

"అంకుల్, లైన్ల రాండ్రి" అంది వెనకనుంచి ఒకమ్మాయి.

లైన్లోనే వచ్చాడు. కుసుమకుమారి తలెత్తి, "చెప్పండి, ఏం కావాలి?" అంది.

ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "కూర్చోవడానికి ఏమైనా ఉందా?"

"స్టీలు స్టూళ్లున్నాయి. ఏ సైజు చూపించమంటారు?"