ఇంటర్వెల్ దాంక చూసిన సిన్మ

ఆ పొద్దు మహేష్ పెట్టుకున్న పని శానా అల్కటిది. నలుగురు పెద్దమనుషులను చేవెళ్ల టాకీసుకు తోల్కపోవాలె, సిన్మ చూపియ్యాలె, బగారన్నం తినిపియ్యాలె, మూడు గంటల లోపల నామినేషన్ల సెంటర్ కాడ దించాలె. గంతే. గీ పని ఒక్కటి నిండుగ చేస్తె పెండ్లయితది. చెయ్యకుంటె కాదు.

సంగతేందంటె, చేవెళ్లకు మొయినాబాదుకు నడిమిట్ల ఉన్న వాళ్ల ఊళ్లె సర్పంచ్ ఎలక్షన్ వచ్చింది. ఊళ్లె నాలుగు గుంపులు. నాలుగు గుంపుల పెద్దమనుషులు ఒక్క తాన కూసొని చాయ్ తాగంగ చూసినోడు పుట్టలే. ఒక్కపారి రాళ్లవాన పడితె నలుగురు ఒక్క రేకుల కింద నిలవడ్డరట గని, నాలుగు దిక్కులకు మొకాలు తిప్పి నిలవడ్డరట. గసొంటోళ్లను, ఆ నలుగుర్ల ఒకడైన ధనరాజ్ పటేల్ ఆర్నెల్లు చెప్పులరగ తిరిగి ఒక్కటి చేసిండు. మిగిలిన ముగ్గురు నామినేషన్లు వాపస్ తీస్కుంటరు, ధనరాజ్ ఏకగ్రీవం అయితడు, అదీ ఒప్పందం. తన కాయితాలల్ల ఏమన్న తప్పు పడితె అక్కెరకొస్తదని అంతమ్మ తోని గూడ ఒక డమ్మీ నామినేషన్ ఏయించిండు. అంతమ్మ ఫంక్షన్లకు వంట చేసే మనిషి. ధనరాజ్ మాట జవదాటది.

వాపస్ తీస్కునే ఆఖరు దినం ఎవడన్న మర్లవడతడేమోనని ధనరాజ్‌కు ఒకటే గుబులు. గప్పుడు ఆయన మనుమడు చెప్పిండు, తాతా, నలుగురు హీరోలు కలిసి లోకాన్ని కాపాడే ఇంగ్లీషు సిన్మ తెలుగుల వచ్చిందని. ధనరాజ్ తొడ మీద కొట్టుకున్నడు. నలుగురు కలిసి లోకాన్నే కాపాడంగ, మనం ఊరిని కాపాడలేమా? ఊరోళ్లందరికి పొద్దుగాల ఆట మొత్తం బుక్ చేసిండు. ఎలక్షన్ కోడ్ ఉన్నదని మనుమని పుట్టినరోజు దావత్ అన్నడు. మనుమడు పుట్టింది మామిడికాయల కాలంల, గిది చలికాలం. గని మటన్ ఉన్నదంటె తారీకు ఎవలడుగుతరు?

ముందుగాల సిన్మను చూసొచ్చి మంచేంది చెడేంది చెప్పమని మహేష్‌నే తోలిండు. మహేష్ చూసొచ్చి చెప్పిండు. "మస్తున్నది కాకా. మంచేందంటె, నలుగురు నాలుగు తీర్ల మొండోళ్లు. అయినా చేతిల చెయ్యి ఏసుకొని ఒక్కటయితరు. చూస్తె మనకే ఏడుపొస్తది. చెడంటె ఏం లేదు, జర సౌండెక్కువ."

గది అబద్ధం గాదు. సగం నిజం. మహేష్ సిన్మ చూసింది సగమే.

ఎందుకు సగమంటె, ఆయన ఒక్కడు పోలే. అంతమ్మ బిడ్డ ఝాన్సీ తోని పోయిండు. ఝాన్సీ మొయినాబాదుల కాలేజీ చదువుతది. సాయంత్రం బస్సుల దిగకుంటె అంతమ్మ గంటె పట్టుకొని బస్సుకు ఎదురొస్తది. గందుకే ఇద్దరు ఇంటర్వెల్ల లేసి ఉరికిండ్రు. ఇద్దరు ఇష్టపడ్డ సంగతి అంతమ్మకు తెల్వది. పెండ్లిమాట మాత్రం ఒకపారి మహేష్ తల్లి ఎత్తింది. ఎత్తితె అంతమ్మ అన్నదట, "ఆ పోరడు డిగ్రీ సగం చదివిండు, జేసీబీ సగం నేర్చిండు, కోళ్ల షెడ్డు సగం కట్టిండు. నా బిడ్డను గూడ సగం తొవ్వల ఇడిసిపెడతడు." ఇగ ధనరాజ్ నోటి నుంచి మాట పడితెనే పని అయితది. ఏకగ్రీవం అయినంక సాయంత్రం పోయి అడుగుతనని ఆయన మాటిచ్చిండు.

టాకీసు ముంగట ధనరాజ్ నలుగురిని నిలవెట్టి హీరోలను పంచిండు. చేతులకెల్లి నిప్పులు చిమ్మెటోడు తను. గుట్టలు లేపెటోడు చిన్నయ్య. చిన్నయ్య ఒకప్పుడు బురదల దిగబడ్డ ట్రాక్టరును ట్రాలీ తోని సహా చంకల పెట్టుకొని ఒడ్డుకు తెచ్చిండని ఊళ్లె చెప్పుకుంటరు. గాలి కన్న జోరుగ ఉరికెటోడు అంజిలయ్య, ఊళ్లె మొదటి బుల్లెట్ బండి ఆయనదే. ఎవ్వలకు కనవడకుండ మాయమయ్యెటోడు బాలమల్లు. పని పడ్డప్పుడు ఆయన ఎన్నడు కనవడలే గనుక అది అందరికి సరిపోయిందనిపిచ్చింది. నలుగురు మీసాలు దువ్వుకుంట లోపలికి పోయిండ్రు.

సిన్మ షురువైంది. ఆ సౌండుకు గండిపేట చెరువుల చేపలు కట్ట మీదికెక్కినయట. మహేష్ నిమ్మలంగ మీదికి పోయి, సిన్మ నడిపే సాముయేలు పక్కకు కూసున్నడు. కలిసుండుడు మీద గింత మంచి సిన్మ రాలే గదన్నా అన్నడు.

సాముయేలు నవ్విండు. "కలిసుండుడా? ఇంటర్వెల్ అయినంక చూడు. గా నిప్పులోడు మిగిలిన ముగ్గురిని మోసం చేసి కుర్సీ ఎక్కుతడు. బిల్డింగుల మీదికెల్లి ఒకన్నొకడు ఇసిరేసుకుంటరు. ఆఖరికి ఎవని తొవ్వ వాడు పడతడు."

మహేష్ ముంగటికి వంగిండు. "మళ్ల కలుస్తరు గదా?"

"అది ఇంకో సిన్మలనట. గీ జాతి సిన్మలల్ల చెడు గదే. పైసలు ఇప్పుడు తీస్కుంటరు, కథ వచ్చే ఏడు చెప్తరు."

మహేష్ లెక్క కట్టిండు. నిప్పులోడంటె ధనరాజ్. మోసం చేసి కుర్సీ ఎక్కుడంటె గీ దినమే. చిల్కూరు బాలాజీకి పదకొండు చుట్లు మొక్కిండు. ఇంటర్వెల్ తోనే బంద్ పెట్టమని సాముయేలు గదుమ పట్టుకొని బతిమిలాడిండు. నేను సిన్మను ఆపితె మా సేటు నన్ను ఆపుతడు తమ్మీ అని సాముయేలు చేతులు దులిపిండు.

ఇంటర్వెల్ లైట్లు పడ్డయ్. మహేష్ ఉరికొచ్చి అన్నం సల్లారుతున్నది పోదాం లెవ్వు కాకా అన్నడు. ధనరాజ్ అక్కడికక్కడ అంతమ్మకు ఫోన్ కొట్టిండు. బియ్యం ఇంక గంజుల పడలే పటేలా, గంట పడతదన్నది. "చూసినవా, సిన్మ అయ్యేటాళ్లకు అన్నం అయితది" అని ధనరాజ్ మళ్ల సీట్ల కూలవడ్డడు. సిన్మల మాట్లాడకుండ్రి అని అందరికి చెప్పి ఫోన్ గూడ బంద్ చేసిండు.

బయట సమోసాల కాడ మిగిలిన ముగ్గురు మొకాలు ముడుసుకొని ఉన్నరు. మహేష్ తన పరేషాన్ల పడి ఆ మొకాలు చూడలే. చూసినా తెల్వకపోవు. ఆ ముగ్గురి బాధ రెండో సగం గాదు, మొదటి సగం.

"గంటన్నరల నావోడు 'ఊఁ' అన్నడు, 'సరే' అన్నడు. గవే మాటలు" అన్నడు చిన్నయ్య.

"నావోడు మాటలన్న ఇన్నడు. నిప్పుల హీరోకు కబురు తెచ్చుడు, కబురు పట్కపోవుడు. వాడు హీరోనా, వాని జీతగాడా?" అన్నడు అంజిలయ్య.

బాలమల్లు సమోస కింద పెట్టిండు. "మీవోళ్లు కనవడ్డరన్న. నావోడు ఒక్కపారి కనవడ్డడా? మాయమయినోన్ని ఎట్ల చూసుడు? పోస్టర్ మీద గూడ వాని జాగల ఉత్త గోడున్నది. ధనరాజ్ ఏం చూసి గీ వేషం నాకిచ్చిండు?"

సరిగ్గ గప్పుడే మహేష్ వచ్చి, బెల్లు కొడుతున్నరన్న భయం తోని, నోటికొచ్చిన అబద్ధం చెప్పిండు. "అంజిలయ్య కాకా, నీ బర్రె తాడు తెంపుకొని బీజాపూర్ రోడ్డెక్కిందట." ఒకడు లేస్తె తోడుగ అందరు లేస్తరు, టాకీసు కాలీ అయితది అనుకున్నడు. అంజిలయ్య బుల్లెట్ కిక్కు కొట్టిండు. దుమ్ము లేసింది గని బండి కనవడలే, గంత జోరు.

తోడుగ మాత్రం ఎవ్వలు లేవలే. చిన్నయ్య కండ్లు సన్నగ చేసిండు. "బర్రె రోడ్డెక్కితె పెండ్లాం కొట్టుకొస్తది. వీడు పోయింది సెంటర్‌కు. మనం ఈడ సమోసలు తినుకుంట కూసుంటె, వాడు ఆడ నేను వాపస్ తీస్కోనని కూసుంటడు."

"తీస్కోకుంటె మనమెందుకు తీస్కోవాలె" అని బాలమల్లు అన్నట్టు ఇనవడ్డది. తిరిగి చూస్తె ఆడ మనిషి లేడు. ఎటు పోయిండో, ఎప్పుడు పోయిండో ఎవ్వలకు తెల్వది. ఆ పని మాత్రం హీరో లెక్కనే చేసిండు.

చిన్నయ్య గేటు కాడికి ఉరికిండు. అంజిలయ్య పోయినంక గేటుకు మళ్ల తాళం ఏసిండ్రు. వాచ్‌మెన్ తాళంచెవులు ఎతికే లోపల చిన్నయ్య గేటును సీలలకెల్లి ఊడబీకి, గోడకు ఆనిచ్చి, జాగ్రత్త అని వాచ్‌మెన్‌కు చెప్పి మరీ పోయిండు. మహేష్ మొక్కును నూటెనిమిది చుట్లకు పెంచి, బైకెక్కి ఎనుకవడ్డడు.

అంజిలయ్య నిజంగ ఇంటికే పోయిండు. బర్రె కట్టేసిన కాడనే పండుకొని నెమరేస్తున్నది. ఆయన బుర్ర గిర్రున తిరిగింది. నన్ను టాకీసుకెల్లి ఎల్లగొట్టి వీళ్లు ఏదో మతలబు చేస్తున్నరు అని, ఇంట్ల నీళ్లు గూడ తాగకుండ సెంటర్‌కు మర్రిండు. ఆడ చూస్తె ఇద్దరు ముందుగాలనే ఉన్నరు. ఒకన్ని చూసి ఒకడు, అనుకున్నదే అయిందన్నట్టు తలకాయ ఊపిండ్రు.

మహేష్ చూస్తుండంగనే ముగ్గురు చెట్టుకొకడు ఆనుకొని కూసున్నరు. ముందు నువ్వు తీస్కో అంటె నువ్వు తీస్కో. మహేష్ కాళ్లు మొక్కిండు, బర్రె ముచ్చట తన అబద్ధమని ఒప్పుకున్నడు. ఒప్పుకునుడు ఇంక తప్పయింది.

"నీతోని అబద్ధం ఆడిపిచ్చిందెవలు? ధనరాజ్ గాదా?" అన్నడు అంజిలయ్య.

ధనరాజ్‌కు ఫోన్ కలుస్తలేదు. చెయ్యి గడియారం మీద ముల్లు జరుగుతుంటె మహేష్ గుండె మీద జరిగినట్టున్నది. మూడయింది. సెంటర్ తలుపు మూసిండ్రు. ముగ్గురి నామినేషన్లు ఆడనే ఉండిపోయినయ్.

ధనరాజ్ కారు గప్పుడొచ్చింది. ముగ్గురు ముందుగాలనే సెంటర్‌కు పోయిండ్రనుకొని, ఊళ్లె ఆడోళ్ల నడుమ కూసొని సిన్మ ఆఖరు దాంక చూసి, మటన్ తోని అన్నం తిని, నిమ్మలంగ దిగిండు. మొకం మాత్రం నిమ్మలంగ లేదు.

"ఒరేయ్, సిన్మల వాళ్లు కొట్టుకున్నరురా."

"మనోళ్లు గూడ, కాకా."

ధనరాజ్ ముగ్గురిని చూసిండు, మూసిన తలుపును చూసిండు. గా క్షణంల ఆయన చేతులకెల్లి నిప్పులు ఎందుకు రాలేదో మహేష్‌కు ఇప్పటికి సమజ్ కాదు.

"రెండో సగం సంగతి నాకెందుకు చెప్పలే?"

ఝాన్సీ పేరు గొంతు దాంక వచ్చింది. మహేష్ మింగిండు. "ఏసీకి నిద్రవట్టింది కాకా."

"అంతమ్మ నీ గురించి చెప్పింది నిజమేరా. ఇగ నీ పెండ్లిమాట నేనెత్తితె అడుగు" అని ధనరాజ్ కారెక్కిండు.

గీ లొల్లిల అందరు మర్చిపోయింది ఒకటున్నది. అంతమ్మ డమ్మీ నామినేషన్, అది గూడ ఆ దినమే వాపస్ తియ్యాల్సింది. ఆమెను సెంటర్‌కు తోల్కరావాల్సింది మహేష్. ఆమె ఏమో తోల్కపోతరని చీరకొంగు తోని చేతులు తుడుసుకొని సాయంత్రం దాంక గంజుల కాడ కూసున్నదట.

ఓట్ల నాడు నాలుగు గుంపులు నాలుగు దిక్కులకు చీలినయ్. నేను గెలవకపోయినా మంచిదే, వాడు గెలవద్దని నలుగురికి నలుగురు లోపల లోపల తమ మనుషులకు చెప్పుకున్నరు. ఎవనికి ఎయ్యొద్దో అందరు చెప్పిండ్రు, ఎవలకు ఎయ్యాలెనో చెప్పలే. జనం చూస్తె ఐదో పేరున్నది. ఆ పేరు చూడంగనే బగారన్నం వాసన యాదికొచ్చింది. అంతమ్మ సర్పంచ్ అయి కూసున్నది.

రెండు దినాలు మహేష్ ఇల్లు కదలలే. మూడో దినం సర్పంచే కబురు పెట్టింది. తిట్టడానికే అనుకుంట, చిల్కూరు దిక్కు ఒకపారి దండం పెట్టి పోయిండు. అంతమ్మ పొయ్యి కాడనే ఉన్నది. విస్తరేసి, నిండుగ అన్నం పెట్టింది. అర్రల తలుపెనుక గాజుల సప్పుడయింది. మహేష్ తల లేపలే. సగం తిన్నడో లేదో ఆమె అడిగింది, ఇంతకు గా సిన్మ ఎట్లుండె అని.

"మంచిగుండె అత్తా. నలుగురు ఒక్కటయితరు, చేతిల చెయ్యి ఏసుకుంటరు..."

"అటెనుక?"

మహేష్ ముద్ద నోటి కాడనే ఆగింది.

అంతమ్మ గంజుల గంటె తిప్పుకుంట అన్నది, "మా ఝాన్సీ గూడ గా సిన్మ కథ ఆడిదాంకనే చెప్పింది. అటెనుక ఏమయిందంటె తెల్వదన్నది." ఇంకో గంటె అన్నం తెచ్చి ఆయన విస్తర్ల ఏసింది. "గిదన్న సగంల ఇడిసిపెట్టకు."