మే నెలలో మంకీ టోపీ

ఎల్లారెడ్డిలో సిద్దార్థను అందరూ ప్లాన్ల సిద్దన్న అంటారు. తన పెళ్లిలో తాళి ఎటువైపు నుంచి కట్టాలో కాగితం మీద బాణం గుర్తులు వేసుకున్న మనిషి. సైన్యంలో చేరాక ఆ జబ్బు ఇంకా ముదిరింది.

పన్నెండు రోజుల కూతురిని వదిలి మంచుకొండల మీద కాపలాకు వెళ్లినవాడు, తొమ్మిది నెలల తర్వాత సెలవు మీద ఇల్లు చేరాడు. ఫోన్లో రోజూ ముద్దులు పెట్టే నిహారిక, గడపలో నిలబడ్డ తండ్రిని చూసి పెట్టిన కేకకు పక్కింటి బర్రె తాడు తెంపుకుంది.

"ఫోన్ల నన్ను జూసి నవ్వుతది గదా?" అన్నాడు సిద్దార్థ, చేతిలో పెట్టె అలాగే పట్టుకుని.

"ఫోన్ల బెత్తెడుంటవు బావా. గీడ ఆరడుగులున్నవు," అంది భార్య నవత.

సెలవు ఇరవై రోజులే. ఆలోగా పిల్ల తనంతట తాను అతని చంకకెక్కాలి. కామారెడ్డిలో యాకూబు స్టూడియోకు పోయి ఒక ఫోటో దిగాలి. దాన్ని జేబులో పెట్టుకుని మళ్లీ కొండెక్కాలి. ఇంతకుమించి అతనికి ఈ భూమ్మీద ఏమీ అక్కర్లేకపోయింది.

మొదటి రోజు గిలక్కాయ ఆడించాడు. పిల్ల గిలక్కాయ లాక్కుని ఏడ్చింది. రెండో రోజు పిల్లతో సమానంగా ఇల్లంతా పాకాడు. కొడుక్కు మోకాళ్లు పట్టేశాయనుకుని తల్లి రాములవ్వ నువ్వుల నూనె కాచి తెచ్చింది. వద్దంటున్నా వినకుండా మర్దన చేసింది కూడా.

"బావా, నాకొకటి తోస్తుంది. చెప్పాల్నా?" అంది నవత.

"ఆపరేషన్ నడుస్తుంటె మధ్యల నోరు తెరువొద్దు. ఇది నాకిడిసిపెట్టు."

"సరె, తెరువ," అంది. అన్నట్టే నోరు మూసుకుంది.

మూడో రోజు సిద్దార్థకు జ్ఞానోదయమైంది. కొండ మీద చలికి ఫోన్లో ఎప్పుడూ మంకీ టోపీతో, మందపాటి కోటుతో కనిపించేవాడు. పిల్లకు తెలిసిన నాన్న టోపీ నాన్న. మరి ఈ బోడి మొహాన్ని చూసి ఏడవక ఏం చేస్తుంది?

నాలుగో రోజు పొద్దున, రోడ్డు మీద తారు కరిగే ఎండలో, మంకీ టోపీ, కోటు తగిలించుకుని ఇక ఫోటోనే తరువాయి అనుకుని భార్యాబిడ్డలతో కామారెడ్డి బస్సెక్కాడు. లింగంపేటలో ఎక్కిన ముసలమ్మ అతన్ని చూసి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎన్ని దినాల సంది జెరం బిడ్డా?" అని అడిగింది.

నిహారిక రెండు నిమిషాలు కన్నార్పకుండా టోపీని చూసింది. సిద్దార్థ ఊపిరి బిగబట్టాడు. పిల్ల ముందుకంటే గట్టిగా ఏడ్చింది.

స్టూడియోలో కూలర్ పాడైంది. లైట్ల కింద కూర్చున్న సిద్దార్థను యాకూబు ఎగాదిగా చూశాడు. "భాయ్, గీ ఫోటో దేనికి? ఎవరన్న గుర్తు పట్టాల్నా, పట్టొద్దా?"

పట్టాలనే భాయ్, అనుకుంటూ సిద్దార్థ లేచాడు. చెమటకు కళ్లు తిరిగి తెర వెనక్కి పోయాడు. టోపీ, కోటు పీకేశాడు, చొక్కా విప్పేశాడు. తొమ్మిది నెలల చలిలో రాని ఏడుపు అప్పుడొచ్చింది. తన బిడ్డకు తానెవరో తెలియదు. ఆ మాట కాగితం మీద బాణాలు గీస్తే పోయేది కాదు.

"నవతా, టవల్ ఇయ్యి," అన్నాడు. పిల్ల ఏడుపులో అది మునిగిపోయింది. గొంతు పెంచాడు.

"నవతా... ఇనవడ్తుందా? హలో, ఇనవడ్తుందా?"

ఏడుపు టక్కున ఆగింది.

నేల మీద చిన్న అరచేతుల చప్పుడు. తెర అంచు కదిలింది. కింది నుంచి ముందు ఒక చెయ్యి, తర్వాత రెండు పళ్ల నవ్వు వచ్చాయి.

సిద్దార్థ నేలమీద కూలబడ్డాడు. "ఇనవడ్తుందా?" అన్నాడు గుసగుసగా. పిల్ల అతని మోకాలు పట్టుకుని లేచి, ఎవరి సాయమూ లేకుండా ఒళ్లోకి ఎక్కింది.

కొండ మీద సిగ్నల్ పుణ్యమా అని అతను పాడిన జోలపాటలన్నీ మధ్యలో తెగిపోయేవి. తెగినప్పుడల్లా అతను అరిచింది ఈ ఒక్క మాటే. గాలిలో కలిసిపోయిందనుకున్న ఆ మాటను ఎల్లారెడ్డిలో ఇంత పిల్ల రోజూ భద్రంగా దాచుకుంది. సిద్దార్థ ఆమె చిట్టి చెవిని వేలితో తాకి చూశాడు. ఇంత చెవిలో తను మొత్తం ఎలా పట్టాడో అతనికి అర్థం కాలేదు.

పిల్లను ఎత్తుకుని తెర దాటి వచ్చాడు. నవత కళ్లు తుడుచుకుంటోంది.

"మొన్న నువ్వు దాబా మీద దోస్తుకు ఫోన్ జేసి ఇనవడ్తుందా, ఇనవడ్తుందా అని ఒర్రుతుంటె, ఇది మెట్ల దాక పారాడుకుంట వచ్చింది బావా. నువ్వు అటు మొఖం పెట్టి నిలవడ్డవు. గదే చెప్పాల్నా అని అడిగిన."

సిద్దార్థ తల గోక్కున్నాడు. "ఇంకేమన్న తెల్సా నీకు?"

"తెల్సు. నోరు తెరువొచ్చా?"

"తెరువు తల్లీ."

"బనీను తిరగేసి తొడుక్కున్నవు."

యాకూబు అప్పటికే మూడు ఫోటోలు తీసేశాడు. 'ఇనవడ్తుందా' అన్న మాట మళ్లీ ఎప్పుడొస్తుందా అని కూతురు అతని పెదవుల మీద అరచేయి పెట్టి చూస్తోంది.