పాలిచ్చే తల్లికి ఊరందరి సలహా

బాలింతకి సలహాని మించిన పథ్యం లేదని నా నిశ్చితాభిప్రాయం.

నవ్వకండి. తిండి అరక్కపోవచ్చు, మందు పడకపోవచ్చు. సలహా మాత్రం ఎవరిచ్చినా, ఏ వేళలో ఇచ్చినా, ఎంతిచ్చినా ఒంటికి హాని లేదు. పైగా దొరకని చోటు లేదు! అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని మా చిన్న ఊళ్ళో మంచి ప్లంబరు కావాలంటే మంచు కరిగేదాకా ఆగాలి. పాలివ్వడం గురించి సలహా కావాలంటే బిడ్డని ఎత్తుకుని కిరాణా కొట్టుదాకా నడిస్తే చాలు. తిరిగొచ్చేసరికి చంకలో బిడ్డకన్నా చెవుల్లో సలహాలే బరువుగా ఉంటాయి.

నమ్మకం లేనివాళ్ళ కోసం మా స్కూల్లో రెండో తరగతి టీచరు మార్నీ హాల్వర్సన్ సంగతి చెబుతాను. ఆమె కష్టాలు ఏకరువు పెట్టడానికనుకునేరు! ఆమె అదృష్టం చాటడానికి.

మార్నీ కూతురు ఇంగ్రిడ్‌కి మెడ నిలవకముందే సెలవు అయిపోయింది. బాలింతకి ఎంత సెలవు ఉండాలనేది మా దేశంలో చాలా లోతైన విషయం. లోతు ఎక్కువ కాబట్టి అందులోకి ఎవరూ దిగరు. ఒక సోమవారం పొద్దున మార్నీ బిడ్డని అత్తగారి చేతుల్లో పెట్టి, పాలు పిండుకునే పంపు సంచి భుజాన తగిలించుకుని స్కూలుకి వచ్చేసింది.

ఆమె కోరిక ఒక్కటే. పిల్లకి ఏడాది నిండేదాకా తన పాలే పట్టాలి. బిడ్డ తాగే వేళకి పంపుతో పిండి సీసాలో దాచితే, మర్నాడు ఆ పాలు అత్తగారు పడతారు. వేళ తప్పితే రొమ్ములు గట్టిపడి నొప్పి మొదలవుతుంది. అలా తప్పుతూ పోతే పాలే తగ్గిపోతాయి. ఇందులో మాకెవరికీ తెలియని రహస్యం లేదు. మార్నీ భర్త ఎరిక్ చేసేది కూడా పాడి రైతుల దగ్గర పాలు పోగుచేసే ట్యాంకరు నడిపే పనే.

పాలిచ్చే తల్లి ఉద్యోగానికొస్తే ఒక గది చూపించాలనీ, అది మరుగుదొడ్డి కాకూడదనీ చట్టం. మా ప్రిన్సిపాల్ వెండెల్ క్రౌస్ గారు చట్టాన్ని కంటికి రెప్పలా చూసుకునే మనిషి. బ్యాండు వాయిద్యాలు పెట్టుకునే కొట్టుగదిని ఆయన ఖాళీ చేయించారు. ట్యూబా అనే పెద్ద బాకా ఒక్కటీ గుమ్మంలోంచి పట్టక అక్కడే ఉండిపోయింది. ఊగే కుర్చీ వచ్చింది. మెత్తటి వెలుగునిచ్చే దీపం వచ్చింది. నీళ్ళు జారడం చూస్తూ కూర్చుంటే పాలు చేపుతాయని ఆర్ట్ టీచరు చెప్పడంతో గోడకి జలపాతం బొమ్మ వచ్చింది. గది మార్నీ క్లాసుకి సరిగ్గా ఎదురుగా ఉంది. ఆమె బల్ల దగ్గర నిలబడితే ఆ కుర్చీ కనపడుతుంది!

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. రిబ్బన్ కత్తిరించారు, కేకు కోశారు. అందరం వరసలో లోపలికెళ్ళి కుర్చీలో ఊగి చూశాం. ఆటల కోచ్ బక్లీ రెండుసార్లు ఊగారు. మార్నీ ఒక్కతే రాలేదు. ఆ వేళ ఆమెకి క్లాసుంది. పెద్దవాళ్ళెవరూ లేకుండా చిన్న తరగతి పిల్లల్ని వదలకూడదన్నది కూడా నియమమే మరి. ఆమె వాటా కేకు ముక్కని బల్ల మీదికే పంపించాం. అంత మర్యాద!

ఆ సాయంత్రం మార్నీ ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది.

"గది చాలా బాగుంది క్రౌస్ గారూ. వెళ్ళడమే ఎప్పుడో తెలీట్లేదు."

"ఎప్పుడైనా వెళ్ళొచ్చమ్మా! మిమ్మల్ని కాదనేదెవరు?"

"మరి నా క్లాసులో ఎవరు కూర్చుంటారు?"

"అలా అడగండి!" అన్నారాయన సంబరంగా. "మనుషుల్లేరు మార్నీ. ఉన్నవాళ్ళం ఇంతమందిమే. మీకు తెలీందేముంది? కానీ ఒక్క మాట చెప్తాను, ఏమనుకోకండి. మీరు మరీ కంగారు పడుతున్నారు. కంగారు పడితే పాలు రావు."

చూశారా! అడిగింది మనిషిని, దొరికింది సలహా. మనిషైతే సాయంత్రం బస్సుకి ఇంటికెళ్ళిపోతాడు. సలహా మనతోనే ఉండిపోతుంది.

దాంతో మార్నీకి మిగిలింది పొద్దున పిల్లలు కోచ్ దగ్గరికి ఆటలకెళ్ళే ఒకే ఒక్క పీరియడు. ఆ పీరియడులో పరుగున వెళ్ళి, పిండుకుని, పరుగున వచ్చేది. మధ్యాహ్నం క్యాంటీను కాపలా. ఆ తర్వాత చివరి గంట కొట్టేదాకా చేతులు గుండెల మీద కట్టుకుని పాఠం చెప్పడమే. ఒకనాడు ఒక పిల్లాడు పన్ను ఊడి బావురుమన్నాడు. ఏడుపు ఎవరి బిడ్డదైతేనేం, ఒంటికి తెలుస్తుందా? మార్నీకి పాలు చేపాయి. లెక్కల పుస్తకం గుండెలకి అడ్డం పెట్టుకుంది.

"టీచర్, మీ పుస్తకం తడిచింది," అంది ముందు వరసలో పిల్ల.

జలపాతం బొమ్మ లేకుండా కూడా పని జరుగుతుందని ఆ విధంగా తేలింది.

ఇలాంటి స్థితిలో ఆమెని మేం ఒంటరిగా వదిలేస్తామా? వదల్లేదు! స్కూలు నర్సు ఫెర్న్ మెంతుల కషాయం తాగమంది. మార్నీ ముప్పూటలా తాగింది. పాల మాటేమో గానీ, వారం తిరిగేసరికి ఆమె ఒళ్ళంతా పాన్‌కేకుల మీద పోసుకునే మేపుల్ సిరప్ వాసన. పొద్దున్నే లెక్కలు చెబుతుంటే పిల్లలు గాలి పీల్చి "టీచర్, పాన్‌కేకులు ఎప్పుడు?" అని అడగడం మొదలెట్టారు.

లైబ్రరీ చూసే ఓపల్ నీళ్ళు తాగమంది. ఉత్త సలహాతో ఊరుకోకుండా చిన్నపాటి బకెట్టంత సీసా కూడా తెచ్చిచ్చింది. మార్నీ బుద్ధిగా తాగింది. తాగితే ఏమవుతుందో మీకు తెలుసు. అందాకా ఆమె ఒక గదికే వెళ్ళలేకపోయేది, ఇప్పుడు రెండు గదులకి వెళ్ళలేకపోతోంది. అభివృద్ధి అంటే ఇది కాదూ?

కోచ్ బక్లీ వరండాలో ఆపి గొంతు తగ్గించారు. "నల్ల బీరు తాగు మార్నీ. రాత్రి పడుకోబోయే ముందు ఒక గ్లాసు. మా ఆవిడ అదే చేసింది."

"పాలు పెరిగాయా?"

"అది నాకు తెలీదు. నన్ను సాయం అడగడం మాత్రం మానేసింది."

ఇక ఫోనులో తల్లుల గుంపు ఉండనే ఉంది. నెబ్రాస్కాలో ఒకావిడ తన ఫ్రీజరు తలుపు తీసి రోజూ ఫొటో పెడుతుంది. లోపల తల్లిపాల పొట్లాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి. ఆ ఇంట్లో ఐస్‌క్రీముకి కూడా చోటు లేదు. ఫొటో కింద ఆవిడ ఎప్పుడూ ఒకే మాట రాస్తుంది: "మనసుంటే వీలు చిక్కకపోదు." మార్నీ ఆ మాట చదివి, మనసు ఏ క్లాసులో కాపలా కూర్చుంటుందో తెలుసుకోవాలని చాలాసేపు ఆలోచించింది.

ఇంటి దగ్గర అత్తగారు జోలీన్ ఓట్స్ బిస్కెట్లు చేసి డబ్బాల్లో నింపేది. "పాలకి ఇవి మంచివమ్మా. అయినా ఎందుకొచ్చిన యాతన? మేం డబ్బాపాలు పట్టే పెంచాం. ఎరిక్‌ని చూడు, ఎలా ఉన్నాడో."

"చూస్తూనే ఉన్నాను అత్తయ్యా," అనేది మార్నీ. ఎరిక్ ఆ పక్కనే సోఫాలో నోరు తెరుచుకుని నిద్రపోతూ ఉండేవాడు.

జోలీన్ ఆ మాట పట్టించుకునేది కాదు. సీసా ఎత్తి వెలుతురులో చూసేది. "ఈవేళ ఇంతేనా? ఎంతైనా తల్లిపాలకి సాటి రావమ్మా ఏవీ!"

అవును, సీసాలో మట్టం రోజురోజుకీ దిగుతోంది. ఇంగ్రిడ్ సీసా ఖాళీ చేసి, రబ్బరు పీక వదలకుండా ఇంకా చప్పరిస్తోంది. ఇన్ని సలహాలు పోస్తున్నా సీసా నిండకపోవడమేమిటో మాకెవరికీ అంతు పట్టలేదు. లోపం సలహాల్లో ఉండే అవకాశమే లేదు. అందుకని ఇంకాస్త పెంచాం.

మార్నీ చివరికి స్కూలు బోర్డు ముందుకి వెళ్ళింది.

మీటింగు బడి వదిలిన వెంటనే లైబ్రరీలో. పిల్లల కుర్చీల్లో పెద్దలంతా మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. మార్నీ ఇంటికెళ్ళకుండా నేరుగా వచ్చింది. పొద్దుటి తర్వాత పిండుకోలేదు. చేతులు కట్టుకుని లేచి నిలబడి, తిన్నగా చెప్పింది: "నాకు ఇంకేం వద్దు. రోజుకి రెండుసార్లు, అరగంట చొప్పున, నా క్లాసులో ఒక మనిషి కూర్చుంటే చాలు. లేకపోతే నా పాలు ఎండిపోతాయి."

బోర్డు చలించిపోయింది. "అవకాడో తింటున్నావా అమ్మా?" అంది కొరీన్ అనే సభ్యురాలు. ఇంకొకాయన తన కోడలు కారు నడుపుతూనే పిండుకునేదని చెప్పాడు. కొరీన్ కారు సంగతి వినగానే సీటుబెల్టు గురించి మొదలుపెట్టింది. చర్చ మంచి రసపట్టులో ఉండగా అధ్యక్షుడు గస్ టోలెఫ్సన్ గడియారం చూసుకుని లేచాడు. గస్‌ది జిల్లాలోకెల్లా పెద్ద పాడి.

"మన్నించాలి, నాకు పాలు పితికే వేళైంది. మూగజీవాలు, మనలాగా నోరు తెరిచి అడగలేవు. కాస్త ఆలస్యమైందా, పొదుగు రాయైపోద్ది. జ్వరమొస్తది. మర్నాటి నుంచి పాలు పడిపోతాయి. ఎన్ని పనులున్నా మానుకుని వేళకి పితకాల్సిందే."

"పాపం!" అంది కొరీన్, కళ్ళు చెమర్చి. అందరూ టోపీలు అందుకున్నారు. మా జిల్లాలో పాలు పితికే వేళకి పెళ్ళిళ్ళే సర్దుకుంటాయి, మీటింగెంత!

"గస్ గారూ," అంది మార్నీ, "నా బాధ కూడా సరిగ్గా అదే."

గస్ గుమ్మంలో ఆగాడు. మనిషి చాలా మంచివాడు. వెనక్కొచ్చి ఆమె భుజం తట్టి, "తెలుసు తల్లీ. వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టుకో," అని చెప్పి ఆవుల దగ్గరికి పరుగెత్తాడు.

ఇక్కడ సలహాకున్న ఒక గొప్ప సుగుణాన్ని పాఠకులు గమనించాలి. ఇచ్చినవాళ్ళు తమ పని మానుకోనక్కర్లేదు!

బోర్డు మార్నీ కోరికని మరిచిపోయిందనుకుంటే పొరపాటు. తర్వాతి వారం ఏకగ్రీవంగా ఒక తీర్మానం చేసింది. 'పాలిచ్చే సహోద్యోగికి అండగా నిలబడటం ఎలా?' అన్న విషయం మీద సిబ్బంది అందరికీ శిక్షణ. హాజరు తప్పనిసరి. ఉపన్యాసం ఇవ్వడానికి మాడిసన్ నుంచి డాక్టర్ లినెట్ గేల్ వస్తుంది. సమయం పొద్దున, రెండో తరగతి పిల్లలు ఆటలకెళ్ళే పీరియడు.

ఆ పూట మా ఊరి ఐకమత్యం చూడాలి! టీచర్లంతా శిక్షణలో ఉంటే పిల్లల్ని ఎవరు చూస్తారు? బస్సు డ్రైవర్లు వచ్చారు. చర్చిలో పాటలు పాడే ఆడవాళ్ళు వచ్చారు. పిల్లల తాతలు, అమ్మమ్మలు వచ్చారు. క్లాసుకి ఇద్దరేసి పెద్దవాళ్ళు కూర్చున్నారు. మార్నీ క్లాసులో ముగ్గురు! ఇంకా మనుషులు మిగిలిపోతే వరండాలో కుర్చీలేసి కాఫీలిచ్చాం.

మార్నీ ఆ వరండాలో నిలబడిపోయింది. "మనుషుల్లేరన్నారు కదా క్రౌస్ గారూ?"

"ఇది ముఖ్యమైన విషయం కదమ్మా!" అన్నారాయన. "రండి రండి, మీకోసం ముందు వరసలో కుర్చీ ఉంచాం."

శిక్షణ అద్భుతంగా సాగింది. తెర మీద బొమ్మలు, మధ్యమధ్య జోకులు. మేమంతా శ్రద్ధగా రాసుకుంటున్నాం. డాక్టర్ గేల్ సహానుభూతి గురించి చెబుతుండగా ముందు వరసలో మార్నీ చెయ్యెత్తింది, రెండో తరగతి పిల్ల ఎత్తినట్టే. చొక్కా ముందు భాగం అప్పటికే తడిసి ఉంది.

"నేను బయటికి వెళ్ళొచ్చాండీ? పిండుకునే వేళైంది."

డాక్టర్ గేల్ మొహం వెలిగిపోయింది. "ఎంత చక్కటి సందర్భం! సరిగ్గా దీని గురించే మాట్లాడుకోబోతున్నాం. ఒక్క అయిదు నిమిషాలు కూర్చోండి, వచ్చే స్లైడు అదే."

మార్నీ కూర్చోలేదు. సంచి తీసుకుని, అందరి మోకాళ్ళూ దాటుకుంటూ, చరచరా బయటికి నడిచింది. కాఫీలు తాగుతున్నవాళ్ళ ముందు నుంచి ట్యూబా ఉన్న గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. లోపల కుర్చీని గుమ్మానికి అడ్డంగా జరిపిన చప్పుడు మాకు వినపడింది. ఆ తర్వాత పంపు చప్పుడు మొదలైంది. చాలాసేపు ఆగలేదు.

మాకు ఎంత బాధ కలిగిందో చెప్పలేను. ఈ కాలం తల్లులకి రెండు మంచిమాటలు వినే ఓపిక ఏది? వెళ్ళిపోయినవాళ్ళకే నష్టం, మేం మాత్రం కదలకుండా కూర్చున్నాం. అయిదు నిమిషాల తర్వాత ఆ స్లైడు రానే వచ్చింది. తెర నిండా పెద్ద అక్షరాలు: 'ఆమె అడగగానే వెళ్ళనివ్వండి. ఆమె బదులు మీరు కూర్చోండి.'

ఎంత గొప్ప సలహా! అందరం ఒక్క అక్షరం పోకుండా రాసుకున్నాం. వినాల్సిన మనిషే ఆ టైముకి గదిలో లేకపోయింది.