సరిహద్దు మీద పడుకున్న పీపా

బోగోమిల్, నాద్యాల విడాకుల దావా ఎనిమిదో ఏట అడుగుపెట్టిన శుభసందర్భంలో మా పంచాయతీ వారిద్దరినీ అభినందిస్తూ తీర్మానం చేసింది. మా కార్స్ట్ రాతినేలలో ద్రాక్ష తప్ప మరేదీ సరిగా పండదు. ఈ దావా పండినంతగా ద్రాక్ష కూడా ఎన్నడూ పండలేదు.

విడాకులు ఒక్క పూటలో అయిపోయాయి. చిక్కంతా ఆస్తి దగ్గరే వచ్చింది. ఇల్లు ఇటలీలో, తోట స్లొవేనియాలో ఉన్నాయి. ఇంటి కింది నేలమాళిగ మాత్రం దేశాలను లెక్కచేయకుండా అటూ ఇటూ సాగింది. సరిగ్గా సరిహద్దు గీత మీద, తెరాన్ అనే మా ఎర్ర వైన్ నింపిన ఓక్ చెక్క పీపా అడ్డంగా పడుకుని ఉంది. కుళాయి ఇటలీలో, కడుపు స్లొవేనియాలో.

భర్త ఇటలీ కోర్టుకు వెళ్తే కుళాయి అతనిదని తీర్పు వచ్చింది. భార్య స్లొవేనియా కోర్టుకు వెళ్తే వైన్ ఆమెదని వచ్చింది. రెండూ నిష్కళంకమైన తీర్పులు.

"తిప్పుకోమనండి ఆయన కుళాయి! నా చుక్క ఒక్కటి కింద పడిందో, జైలే!" అంది నాద్యా, రొట్టెల కొట్టు ముందు అందరూ వినేట్టు.

"దాహమేస్తే పీపా పొట్ట నాక్కోమనండి," అని బోగోమిల్ కబురు పంపాడు. అది లాయరు ద్వారా, రెండు భాషల్లో, ముద్రలతో సహా వెళ్ళింది.

ఆ తర్వాత అటక మీద వేలాడుతున్న పంది తొడలు భర్తవని తేలింది. వాటిని ఎండబెట్టిన బోరా అనే చలిగాలి స్లొవేనియా వైపు నుంచి వీచింది కనుక గాలికి బాడుగ ఇప్పించమని భార్య కొత్త దావా వేసింది. కోర్టు ఒక వాతావరణ నిపుణుణ్ణి నియమించింది. ఆయన మా ఊళ్ళో గది అద్దెకు తీసుకుని గాలి కోసం ఎదురుచూశాడు. ఆ ఏడు గాలి ఆలస్యమైంది. మేమెవరమూ బాధపడలేదు.

బాధపడటానికి తీరికేదీ? లాయర్లు, అనువాదకులు, సర్వేయర్లు వస్తూనే ఉన్నారు. పశువుల కొట్టాలకు వెల్ల వేయించి, 'న్యాయవాదులకు ప్రత్యేక గదులు' అని బోర్డులు కట్టాం.

ఈ అభివృద్ధికి అడ్డంకి ఒక్కతే, వాళ్ళ కూతురు యస్నా. ఆ పిల్లకు ఓస్మిత్సా కావాలట. ఏటా కొద్ది రోజులు రైతు తన వైన్, తన మాంసం ఇంటి దగ్గరే అమ్ముకునే హక్కు అది. దారి మీద ఐవీ తీగ కొమ్మ కడితే చాలు, ఎవరైనా లోపలికి రావచ్చు. మా ఊరి కట్టుబాటు ప్రకారం, ఎనిమిది శరదృతువులు వరసగా కొమ్మ కట్టని ఇంటికి ఆ హక్కు పోతుంది. ఇది ఎనిమిదోది. వైన్, మాంసం తల్లిదండ్రులవి కనుక అమ్మకానికి ఇద్దరి సంతకాలూ కావాలి.

"సంతకం పెట్టు నాన్నా. అది పోతే నేనేం చేసుకుని బతకను?"

"ముందు మీ అమ్మని పెట్టమను."

"ఆ మనిషి ముట్టుకునే కాగితం మీద నేనా? సిగ్గులేదుటే నీకు?" అంది తల్లి.

అప్పుడే రెండు దేశాల న్యాయమూర్తులు పీపాను కలిసి తనిఖీ చేయడానికి వచ్చారు. ఆ ఉదయం యస్నా ఎవరి సంతకం లేకుండానే దారి మీద కొమ్మ కట్టింది.

నేలమాళిగలో ఇటలీ న్యాయమూర్తి గంభీరంగా ప్రసంగించారు: "వస్తువు విలువ తెలియనిదే న్యాయం జరగదు. రుచి తెలియనిదే విలువ తెలియదు. సీలు తీయండి!" స్లొవేనియా న్యాయమూర్తి దీనితో ఏకీభవిస్తూ, ఒక్క గ్లాసుతో తీర్పుకు రావడం తొందరపాటని హెచ్చరించారు. పోల్చిచూడటానికి రెండో గ్లాసు, సందేహ నివృత్తికి మూడోది పోశారు. సాక్ష్యంగా ఉన్న పంది తొడను పలచగా కోశారు. దారిన కొమ్మ కనిపించడంతో ఊరంతా దిగింది. యస్నా అందరికీ పోసింది, అందరి దగ్గరా డబ్బు తీసుకుంది. చీకటి పడేసరికి పీపా ఖాళీ. న్యాయమూర్తులు ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని, వివాద వస్తువు లేదు కనుక వివాదమూ లేదని ప్రకటించారు.

వారం తిరక్కుండా బోగోమిల్, నాద్యా కలిసి దావా వేశారు. కూతురి మీద, అనుమతి లేకుండా అమ్మిందని. విడిపోయాక ఇద్దరూ సంతకం పెట్టిన మొదటి కాగితం అదే. వాదులది ఒకే చిరునామా అయితే ఖర్చు తగ్గుతుందని లాయరు చెప్పడంతో నాద్యా పెట్టె సర్దుకుని పాత ఇంటికి వచ్చేసింది. ఆదివారం చర్చిలో ఫాదర్ కుటుంబ బంధం గొప్పతనం మీద ప్రసంగించారు. చాలామంది కళ్ళు తుడుచుకున్నారు.

యస్నాకు కావలసింది ఒక్క సాక్షి. ఎనిమిదో శరదృతువులో కొమ్మ కట్టిందని ఊళ్ళో ఒక్కరు చెబితే, కట్టుబాటు ప్రకారం సంతకాలు లేకున్నా హక్కు నిలుస్తుంది, అమ్మకం చెల్లుతుంది. ఆ పిల్ల మా ఇంటికీ వచ్చింది.

"మామయ్యా, కొమ్మ చూసేగా లోపలికొచ్చావు? నా భుజం తట్టి మరీ ఇంకో గ్లాసు పోయమన్నావు. ఆ ఒక్క ముక్క కోర్టులో చెప్పు. కేసు అక్కడితో అయిపోతుంది."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. అప్పటికి మా మేడ మీద ఇద్దరు లాయర్లు అద్దెకు దిగి ఉన్నారు.

ఆ రోజు ఊళ్ళో ఎవరూ దారి వైపు చూడలేదని పంచాయతీ ఏకగ్రీవంగా తీర్మానించింది. కొమ్మ ఇంకా అక్కడే ఎండి వేలాడుతోంది. కార్లకు గీతలు పడుతున్నాయని లాయర్లు ఫిర్యాదు చేస్తే, దాన్ని పక్కకు జరపడానికి ఒక మనిషిని నియమించాం. ఏం జరపాలో మాత్రం ఉత్తర్వులో రాయలేదు.