అయిదో నంబరు డైపరు

"నూరు రోజుల్లో ప్రభుత్వ నీడన పెరిగే ఏ పసిబిడ్డా తడిలో పడుకోకుండా చేస్తాను. పడుకుంటే నేనీ కుర్చీలో కూర్చోను" అని శిశు సంక్షేమ శాఖ మంత్రిగారు ప్రతిజ్ఞ చేశారు. ఆ శాఖ పుట్టాక అంత గంభీరమైన ప్రతిజ్ఞ ఎవరూ చేసి ఎరగరు. వెనకటి మంత్రులు పాలపొడి గురించి మాట్లాడారు, ఉయ్యాలల గురించి మాట్లాడారు. బిడ్డ నడుం దిగువకు కూడా పరిపాలనను తీసుకెళ్ళిన ఘనత మాత్రం ఈయనదే.

టీవీలో ఆ మాట విని శిశుగృహం పెద్ద నర్సుకి ప్రాణం లేచొచ్చింది. ఆవిడ చేతికింద అమ్మానాన్నా లేని పసివాళ్ళు పదకొండుమంది. వాళ్ళందరికీ పాత దుప్పట్లు చింపిన గుడ్డలే గతి. ఉతికినవి ఆరేలోగా ఆరినవి తడిసేవి. నాలుగో ఉయ్యాల్లో ఉన్న అయిదు నెలల బుడంకాయకైతే తొడలు ఒరుసుకుపోయి ఎర్రగా పుళ్ళు పడ్డాయి. పడుకోబెడితే ఏడుపు, ఎత్తుకుంటే ఏడుపు. చర్మం ఆరితేగాని మందు పనిచెయ్యదని డాక్టరు చెప్పి వెళ్ళాడు.

ఏ డైపరు మంచిదో తేల్చడానికి మంత్రిగారు వారం తిరక్కుండా కమిటీ వేశారు. ఆనకట్టలు కట్టి రిటైరైన ఇంజినీరుగారు అధ్యక్షులు. నీళ్ళు ఆపడంలో ఆయన్ని మించిన అనుభవం ఎవరికుంది? పార్టీ మహిళా నాయకురాలు ఒక సభ్యురాలు, శాఖ డైరెక్టరు ఇంకో సభ్యుడు. పిల్లల్ని పెంచినవాళ్ళు కూడా ఒకరుంటే బావుంటుందని ఎవరో అనడంతో, ఓటు లేకుండా పెద్ద నర్సుని చేర్చారు.

మొదటి సమావేశం శిశుగృహంలోనే జరిగింది. ఆరు కంపెనీలు అట్టపెట్టెల నిండా నమూనాలు పంపాయి. పేర్లు చూసి పక్షపాతం వహిస్తారేమోనని ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లు అంటించారు. ఇంజినీరుగారు ఒక డైపరును బల్లమీద పరిపించి, కొలజాడీలో సిరా కలిపిన నీళ్ళు పట్టుకుని, నర్సు వైపు తిరిగారు.

"ఏమ్మా, ఒక బిడ్డకి గరిష్ఠ వరద ఎంత ఉంటుంది?"

"పాలు తాగినదాన్నిబట్టి ఉంటుంది సార్."

"అంటే పైన పడే వానని బట్టన్నమాట. రాసుకోండయ్యా."

మహిళా నాయకురాలు మూడో నంబరు తీసి బుగ్గకి ఆనించుకుంది. "ఇది బానే ఉంది. కానీ రంగు మన పార్టీది కాదే?"

పెద్ద నర్సు ఉండబట్టలేక నోరు విప్పింది. "అమ్మా, రంగు సంగతి తర్వాత. తొడల దగ్గర సాగుతుందా, ఒరుసుకుంటుందా చూడాలి. నడుం దగ్గర రెండు వేళ్ళు దూరాలి. గాలి ఆడాలి. నెలల్ని బట్టి కాదు, బరువుని బట్టి సైజు తీసుకోవాలి. మా పిల్లలకి కట్టి చూస్తేనేగా తెలిసేది!"

కమిటీ ముక్కున వేలేసుకుంది. ఆ ఆలోచన ఎవరికీ తట్టలేదు. డైరెక్టరు కాస్త సందేహించి, "పిల్లల మీద ప్రయోగమంటే దాన్ని క్షేత్రస్థాయి పరిశీలన అనాలి. అప్పుడు ఇబ్బంది లేదు" అని తేల్చాడు. పరిశీలన ముగిసేదాకా నమూనాలు పంపుతూనే ఉండాలని కంపెనీలకు ఉత్తరాలు వెళ్ళాయి.

మూడో నంబరు కట్టిన నాలుగోనాడు బుడంకాయ తొడలు ఆరాయి. వారానికి కొత్త చర్మం వచ్చింది. పదోనాడు వాడు ఆయా ముక్కు పట్టుకుని లాగి కిలకిలా నవ్వాడు. ఆయా ముక్కు తుడుచుకుంటూ అంది:

"అక్కా, తేల్చెయ్యమను త్వరగా. మూడో నంబరే ఖాయం చేస్తే మనకి ఏ బాధా లేదు."

"తేల్చాక ఈ పెట్టెలు ఆగిపోతాయే పిచ్చిదానా. మన శాఖలో తేలినవి ఎన్నాళ్ళకి వచ్చాయో గుర్తులేదూ? పాలసీసాలు తేలిన నాటి పిల్లలు ఇప్పుడు బడికెళ్తున్నారు."

ఆ రోజునుంచి పెద్ద నర్సు లోతైన మనిషైంది. రెండో సమావేశంలో, "బోర్లా పడుకున్నవాడి సంగతి చూడలేదు సార్" అంది. మూడోదాంట్లో, "పాకేవాళ్ళ మీద పరీక్షించలేదు" అంది. నాలుగోదాంట్లో, "ఎడమ పక్కకి పడుకునేవాళ్ళకి ఎడమవైపే కారుతోంది" అంది.

ఇంజినీరుగారు ఆనందంతో ఉబ్బితబ్బిబ్బయ్యారు. "ఎడమ కాలువ! నేను అనుకుంటూనే ఉన్నాను." దానికొక ఉపసంఘం వేశారు. ప్రతి సమావేశానికీ నివేదిక లావెక్కింది, పెట్టెలు వచ్చాయి, పిల్లలు బొద్దుగా నిగనిగలాడారు. ఇంత లోతుగా పనిచేసే కమిటీని తానెక్కడా చూడలేదని మంత్రిగారు పత్రికలవాళ్ళకి చెప్పారు.

తొంభై ఏడో రోజున ఆయనే స్వయంగా వచ్చారు. నివేదిక చేతిలో పెట్టబోతే వద్దన్నారు. ఆరు డైపర్లూ వరసగా పరిపించమని, వెనక్కి జరిగి చూశారు.

"ముందువైపు తెల్లటి చోటు ఎక్కువ దేనికుంది?"

"అయిదో నంబరుకండీ" అన్నాడు డైరెక్టరు.

"అదే ఖాయం. అక్కడ నా బొమ్మ వెయ్యండి."

పెద్ద నర్సు గబగబా ముందుకొచ్చింది. "అయ్యా, అది ఉట్టి ప్లాస్టిక్కు. గాలాడదు. కట్టిన పూటే పిల్లలకి ఎర్రబడింది."

"అది సాంకేతిక విషయమమ్మా. ఇది విధాన నిర్ణయం" అన్నాడు డైరెక్టరు.

చర్చంతా బొమ్మ ముందుండాలా వెనకుండాలా అన్నదాని మీదే నడిచింది. వెనక వేస్తే పిల్లలు మంత్రిగారి మీద కూర్చున్నట్టవుతుందని మహిళా నాయకురాలు కన్నీళ్ళు పెట్టుకుంది. ముందే వేశారు. దండం పెడుతూ, నవ్వుతూ మంత్రిగారు. వింతేమిటంటే, అవి మూడు రోజుల్లో రానే వచ్చాయి. కంపెనీలవాళ్ళు మిగిలిన నమూనాలన్నీ అదే రోజు వ్యానులో వేసుకుపోయారు. ప్రారంభోత్సవంలో బుడంకాయను ఎత్తుకుని మంత్రిగారు ఫొటో దిగారు. నిజానికి ఆ ఫొటోలో మంత్రిగార్లు ఇద్దరు.

సభ ముగిశాక డైపర్ల కట్ట విప్పుతూ ఆయా అమాయకంగా అడిగింది. "అయ్యా, నిండాక దీన్ని చెత్తబుట్టలోనే పడెయ్యాలా?"

డైరెక్టరు మొహం పాలిపోయింది. మూడు క్షణాలు మంత్రిగారి బొమ్మనీ, మూలనున్న చెత్తబుట్టనీ మార్చి మార్చి చూశాడు. సాయంత్రానికల్లా సవరణ ఉత్తర్వు వచ్చింది. 'సదరు డైపర్లను పారవేయరాదు. తడుపరాదు. మలినపరచరాదు. ఈ నిబంధనలకు లోబడి విరివిగా వినియోగించవలెను.'

పెద్ద నర్సు ఉత్తర్వు రెండుసార్లు చదివి, గోడౌను తలుపుకి తాళం వేసి, దుప్పటి చింపడానికి కూర్చుంది. వారం తిరిగేసరికి బుడంకాయ తొడలు మళ్ళీ ఎర్రబడ్డాయి. ముక్కు అందిచ్చినా వాడు పట్టుకోవడం లేదు.

నెల తర్వాత డైరెక్టరు తనిఖీకి వచ్చాడు. గోడౌను తెరిపించి, ఒక్కో కట్టా తడిమి చూశాడు. ఒక్కటీ చెక్కుచెదరలేదు. ఒక్క మరకా లేదు. అన్ని కట్టల మీదనుంచీ మంత్రిగారు దండం పెడుతూనే ఉన్నారు. డైరెక్టరు చలించిపోయాడు.

"శభాషమ్మా! మిగతా శిశుగృహాల్లో పిల్లలు ఎన్ని పాడుచేశారో తెలుసా? ఆదర్శ శిశుగృహం అవార్డు మీకే. మంత్రిగారే స్వయంగా ఇస్తారు. పథకం గురించి ఏమైనా చెప్పాలనుంటే చెప్పు, మినిట్స్‌లో ఎక్కిస్తాను."

లోపల నాలుగో ఉయ్యాల్లో ఏడుపు మొదలైంది. పెద్ద నర్సు చేతిలోని తడిగుడ్డ పిండి తీగమీద వేసింది.

"ఏది మంచిదో తేల్చడానికి మళ్ళీ కమిటీ వేస్తారా సార్?"

"అదేంటి? వీటికేమైంది?"

"అబ్బే, చాలా మంచివి సార్" అంది ఆవిడ, గుడ్డ ముడతలు సరిచేస్తూ. "ఇంతకన్నా మంచివి ఉంటాయేమోనని."